నీలిపొడి కోడలు

పెళ్ళయిన కొత్తలో కోడలి ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, అత్తగారు కాసేపు ఆలోచించి, "సీసాలు కడుగుతుంది" అని చెప్పేది. అందులో ఎగతాళి ఉందేమో గాని అబద్ధం లేదు. ఒకసారి పనిమీద కోడలి ప్రయోగశాలకు వెళ్ళి తన కళ్ళతో చూసింది మరి. తెల్లకోటు వేసుకున్న కోడలు సింకు ముందు నిలబడి, సన్నటి బ్రష్షుతో గాజు గొట్టాల లోపల రుద్దుతూ కనిపించింది. ఇంట్లో అంట్లు తోమమంటే మాత్రం చేతులు పగులుతాయంటుందని ఆ సాయంత్రం కూతురికి ఫోన్ చేసి చెప్పుకుని మరీ నవ్వింది.

కడుగుడు అయ్యాక కోడలు చేసే అసలు పని ఇంకొకటి ఉంది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక పొడుగాటి నిచ్చెన మెలి తిరిగి కూర్చుని ఉంటుంది. దాని మెట్లు నాలుగు రకాల పదార్థాలతో కట్టినవి. ఆ నాలుగింటిలో అడినిన్ అనేదాన్ని వేడినీళ్ళలో కరిగించి, దానికి రాగిని ముడిపెట్టడం ఆమె పని. రాగి ఉప్పు కలిపిన నీళ్ళు ఆకాశం రంగులో ఉంటాయి. రెండూ కలిపి, ముక్కుపుటాలు అదిరే అమ్మోనియాను చుక్క చుక్కగా వేస్తూ పోతే రంగు చిక్కబడి సిరాలా అవుతుంది. అదృష్టం బాగుంటే అడుగున నీలిపొడి దిగుతుంది, బాగోకపోతే బురద దిగుతుంది. చాలా ఏళ్ళపాటు ఆమెకు బురదే దిగింది.

ఈ తంటా అంతా ఎందుకంటే, దారి ఒకటి ముందే పడి ఉంది. వెనకటికి ఎవరో సూక్ష్మజీవులున్న నీళ్ళలోకి కరెంటు పంపి చూస్తుంటే, అవి పిల్లలు పెట్టడం మానేశాయట. కరెంటు మహిమ అనుకున్నారు. తీరా ఆరా తీస్తే, ప్లాటినం కడ్డీల నుంచి కాస్త లోహం నీళ్ళలోకి దిగి ఆ పని చేసిందని తేలింది. ఆ ప్లాటినమే తరవాత క్యాన్సర్ మందయింది. కణంలోకి దూరి, నిచ్చెనలో గ్వానిన్ అనే మెట్లను పక్కపక్కన రెంటిని పట్టుకుని వంచేస్తుంది. వంగిన నిచ్చెనకు నకలు తీయడం చేతకాక కణం చస్తుంది. అయితే దాని ప్రతాపం గడ్డతో ఆగదు. మూత్రపిండాలను పాడుచేస్తుంది, చెవుల్లో హోరు పుట్టిస్తుంది, పేగులు నోట్లోకి వచ్చేదాకా కక్కిస్తుంది. ఇంతకన్నా నెమ్మదస్తురాలైన లోహం దొరక్కపోతుందా అని లోకంలో ఎంతోమంది వెతుకుతున్నారు. వాళ్ళలో కోడలు ఒకతె. వెతకడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

సిగ్గుపడాల్సింది ఆ ప్రయోగశాల నడిపే ప్రొఫెసర్. ఆయన్ని విద్యార్థులు చాటుగా 'ఆశాకిరణం' అని పిలుస్తారు, ఎక్కడ మైకు దొరికినా ఆ మాట అనకుండా దిగడు కనక. మీటింగులో ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే కారు తాళంచెవి చెవిలో పెట్టి తిప్పుకుంటాడు. తిప్పుకుని, తాళంచెవి కొసను దీపం వెలుగులో పరీక్షగా చూసి, ఎదుట ఎవరి కాగితం ఉంటే దాని అంచుకు తుడుస్తాడు. కోడలి కాగితాలకు ఆ యోగం చాలాసార్లు పట్టింది. అలాంటి రోజుల్లో ఆమె ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

చివరికి నీలిపొడి దిగింది. గాజుపళ్ళెంలో క్యాన్సర్ కణాల మీద వేస్తే చచ్చాయి. ఆ మాటకొస్తే బ్లీచింగ్ పౌడరు వేసినా చస్తాయి. తరవాత ఎలుకలకు ఎక్కించారు. ఆ గది కంపు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ వికారమే. బొచ్చు ఊడిపోయి, కళ్ళ చుట్టూ పుసి కట్టి, ఎలుకలు బోను మూలలో ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. కోసి చూస్తే కాలేయాలు పాడయి ఉన్నాయి. గడ్డలు మాత్రం ఎక్కడివి అక్కడే నిక్షేపంగా ఉన్నాయి. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, వీళ్ళు ఎలుకను కూడా దక్కించుకోలేదు. ఎలుకల సంగతి ఇంకో వ్యాసంలో చూద్దామని ప్రొఫెసర్ అన్నాడు. ఆ ఇంకో వ్యాసం ఇంతవరకూ రాలేదు, పళ్ళెం సంగతి మాత్రం అచ్చయింది.

అది చూసి పత్రికవాళ్ళు వచ్చారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, 'క్యాన్సర్‌కు నీలి మందు' అని పెద్ద అక్షరాలతో వేశారు. ఫోటోలో ప్రొఫెసర్ సీసాను వెలుతురుకేసి ఎత్తి పట్టుకుని, కొడుకుని చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు. కోడలిది పక్కన మోచెయ్యి మాత్రం పడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అత్తగారు క్యాన్సర్ వార్డులో ఉంది. కడుపులో గడ్డ తీసేశాక, మిగిలిన దాని వేర్లు చావడానికి ప్లాటినం మందు ఎక్కిస్తున్నారు. రెండు విడతలు అయ్యాయి. విడత అయినప్పుడల్లా బేసిన్ పట్టుకోవడం కోడలి వంతు. కొడుకు రెండు నిమిషాలు నిలబడి, మొహం పచ్చబడి, బయట గాలి పీల్చుకుని వస్తానని పోయేవాడు. కూతురు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దూరంగా ఏడ్చేది. మొదట తిన్నది వచ్చేది, తరవాత పసరు, ఆ తరవాత ఏమీ లేకుండా ఒళ్ళు మెలితిరిగే వట్టి డోకులు. నోట్లో తుప్పు పట్టిన మేకు పెట్టుకుని కూర్చున్నట్టుందని అత్తగారు వాపోయేది. వార్డు నిండా పుల్లటి వాసన, దాని మీద ఫినాయిల్ వాసన. అయినా కోడలు బేసిన్ వదల్లేదు.

మూడో విడతకు ముందు కూతురు పత్రిక తెచ్చి, మంచం పక్కన నిలబడి గట్టిగా చదివింది. అత్తగారు రెండుసార్లు చదివించుకుంది. మర్నాడు నర్సు సూది పట్టుకుని వస్తే, చెయ్యి దుప్పటి కింద దాచుకుంది. ఇంట్లో మందు పెట్టుకుని ఈ విషం తనకెందుకంది. కోడలు చేసిన నీలి మందు వస్తేనే చెయ్యి బయటికి తీస్తానంది.

కోడలు నచ్చజెప్పింది. అది మందు కాదు, పళ్ళెంలో కణాలు చంపింది అంతే, ఎలుకలు చచ్చాయి అని విడమరిచి చెప్పింది. అత్తగారు పత్రిక ముక్క దిండు కింద నుంచి తీసి చూపించింది. ఇంత పెద్ద అక్షరాలతో అబద్ధం రాస్తారా అంది. పక్కనున్న కూతురు, "వదినకు మనమంటే ఎప్పుడూ చిన్నచూపేగా అమ్మా" అని ఆజ్యం పోసింది.

ఆ సాయంత్రం, వార్డులో దీపాలు వేసే వేళ, అత్తగారు కోడలిని దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి మాట్లాడింది.

"సీసాలు కడుగుతుందని అందరితో అన్నాను, నిజమే. తప్పయిపోయింది. నా మీద కోపం బతికాక తీర్చుకోవే అమ్మాయ్. ముందు మందు తెచ్చిపెట్టు."

కోడలికి ఏడుపు వచ్చింది, దాని వెనకే ఒళ్ళంతా కంపరం వచ్చింది. ఎవరి గొప్ప కోసమో ఈ ముసలావిడ తన కోడలి ముందు ఇలా దేబిరించాల్సి వచ్చిందే అనుకుంది.

విడత రోజు దాటిపోయింది. ఇంకో వారం గడిచింది. డాక్టరు కోడలిని పక్కకు పిలిచి, ఆలస్యం చేస్తే మిగిలిన గడ్డ మళ్ళీ తల ఎత్తుతుందని, అప్పుడు ఈ మందుకు లొంగుతుందో లేదో చెప్పలేనని అన్నాడు. ఇష్టం లేని మనిషికి సూది పొడవలేం, ఒప్పించుకోవడం మీ పని అన్నాడు. కోడలు తిన్నగా ప్రొఫెసర్ గదికి వెళ్ళింది.

ఆయన అంతా విని తాళంచెవి తీశాడు. తాను మందు అనలేదని, మందుగా ఉపయోగపడే అవకాశం ఉందని మాత్రమే అన్నానని, మిగతాది పత్రికవాళ్ళ పైత్యమని చెప్పాడు. ఆ ముక్కే వచ్చి మా అత్తయ్యతో చెప్పండి సార్, మీ మాటయితే నమ్ముతుంది అని కోడలు అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు. జనం ఎదురు చూసే చోటికి వెళ్ళడమంటే ఆయనకు ఎప్పుడూ అభ్యంతరం ఉండదు.

ఎందుకైనా మంచిదని కోడలు ప్రయోగశాలలో పొడులు ఆరబెట్టే జాడీలోంచి నీలిపొడి సీసా తీసి, రెండు సంచుల్లో చుట్టి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. దాని మీద పుర్రె బొమ్మ ఉంది. మాటతో కాకపోతే బొమ్మతోనైనా అత్తగారు నమ్ముతుందేమో అనుకుంది. గది దాటకూడని సీసాను దొంగలా బయటికి తెస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ప్రొఫెసర్ ఇస్త్రీ కోటుతో, ఆపిల్ పళ్ళతో వచ్చాడు. వార్డులో పడుకున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. పత్రికలో ఫోటో చూసినవాళ్ళు చూడనివాళ్ళకు చెప్పారు. అన్ని కళ్ళు తన మీద పడేసరికి ఆయన మొహం విప్పారింది. కుర్చీ లాక్కుని కూర్చుని, అత్తగారి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నీలి మందు ఎప్పుడు ఇస్తారు బాబూ?" అని అడిగింది అత్తగారు.

ఇక చెబుతాడని కోడలు ఎదురు చూసింది. ఆయన వార్డంతా ఒకసారి కలయజూశాడు.

"త్వరలోనే అమ్మా. మీ కోడలూ నేనూ ఆ పనిలోనే ఉన్నాం. ఆశ మాత్రం వదులుకోకండి."

వెనక మంచాల మీద ఎవరో దణ్ణం పెట్టారు. కోడలు అన్నాళ్ళు బేసిన్ నిండా కక్కినదాన్ని దగ్గరనుంచి చూసింది గాని, ఇంత రోత ఆమెకు ఎప్పుడూ కలగలేదు. ఆ వాంతిలో కనీసం మోసం లేదు. నోరు విప్పితే ఏం మాట వస్తుందో అని భయపడి, మాట్లాడకుండా బ్యాగు తెరిచి, సంచులు విప్పి సీసా తీసి మంచం పక్క బల్ల మీద పెట్టింది. మందుల చెంచా తీసి దాని పక్కన పెట్టింది. సీసా మీద నుంచి తన చెయ్యి మాత్రం తీయలేదు.

"ఇదిగో అత్తయ్యా, నీలి మందు. సార్ వచ్చారుగా, ఆయన చేత్తోనే వేయించుకోండి."

అత్తగారికి సీసా తప్ప ఇంకేమీ కనబడలేదు. పుర్రె బొమ్మ వంక కూడా చూడలేదు. దిండు మీద తల వెనక్కి వాల్చి, పుళ్ళు పడిన నాలుక కనబడేలా, పిట్టపిల్లలా నోరు తెరిచింది. కోడలి వేళ్ళు సీసా మూత మీదికి పోయాయి.

"మూత తియ్యకు," అన్నాడు ప్రొఫెసర్. "పొడి గాల్లోకి లేస్తుంది."

అప్పటికే ఆయన కుర్చీ తోసుకుని లేచాడు. ఒక చేత్తో రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఇందాక ముసలావిడ చెయ్యి పట్టుకున్న రెండో చేతిని కోటుకు రుద్దుకుంటున్నాడు. అత్తగారు తెరిచిన నోటితోనే కాసేపు ఆయన్ని చూసింది, తరవాత మెల్లగా మూసుకుంది.

"తినేది కాదా బాబూ అది?"

ఆయన నీళ్ళు నమిలాడు. అనుమతులు రావాలని, మోతాదు చూడాలని, మనుషుల మీద ఇంకా అని ఏదో సగం సగం అన్నాడు. కోడలు అడ్డుపడింది.

"తినేదో కాదో ఒక్కమాట చెప్పండి సార్."

"కాదు," అన్నాడాయన, నేల చూపులు చూస్తూ. తేలు కుట్టిన దొంగలా ఇంకో మాట లేకుండా వెళ్ళిపోయాడు. ఆపిల్ పళ్ళు బల్ల మీదే ఉండిపోయాయి. కోడలు సీసాను మళ్ళీ రెండు సంచుల్లో చుట్టి బ్యాగులో పెట్టుకుని, వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చింది. వచ్చేసరికి అత్తగారు దుప్పటి తొలగించి, చెయ్యి బయటికి చాపి పడుకుని ఉంది. నర్సును పిలవమంది.

ముందు ఉప్పునీళ్ళు ఎక్కించి, మర్నాడు పొద్దున ప్లాటినం మొదలుపెట్టారు. ఆలస్యమయినా పనిచేస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనని డాక్టరు అన్నాడు. మధ్యాహ్నానికి డోకులు మొదలయ్యాయి. కోడలు ఒక చేత్తో బేసిన్, ఇంకో చేత్తో అత్తగారి నుదురు పట్టుకుంది. పసరు ఆమె మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. కాస్త తెరిపి వచ్చాక అత్తగారు వెల్లకిలా పడుకుని, పక్క మంచం వైపు తల తిప్పింది. దాని మీద ఎవరూ లేరు, పరుపు కూడా తీసేశారు.

"అక్కడుండే ఆవిడ కిందటి వారం ఇంటికి వెళ్ళిపోయింది," అంది. "ఆవిడకూ ఇదే మందు. కక్కలేక చస్తుండేది పాపం. నేనే చెప్పాను, మా కోడలు మందు కనిపెట్టింది, అందాకా ఇంటి దగ్గర హాయిగా ఉండమని."

కోడలు బేసిన్ కింద పెట్టి నర్సు దగ్గరికి పరిగెత్తింది. రిజిస్టరులో చిరునామా రాసి లేదు, నర్సు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే మోగలేదు. మళ్ళీ చేసింది, మోగలేదు. తిరిగి వచ్చి, ఆవిడ ఉండేది ఎక్కడో చెప్పండి అత్తయ్యా, నేనే వెళ్ళి చెబుతానంది.

"అడగలేదే అమ్మాయ్," అంది అత్తగారు. "మన మందు వస్తే తనే వస్తానంది." అని మళ్ళీ లేచి కూర్చుని బేసిన్ కోసం చెయ్యి చాపింది.