అట్నే చెంచయ్య

"...కట్టేసి కొడితే తాగేది మానేస్తాడా వదినా? పోయినవారం సిద్ధయ్యని కొట్టినారు. వాడిప్పుడు కొండెక్కి తాగతా ఉండాడు, అంతే గదా."

"రోజూ కొండెక్కేదానికి వాడి కాళ్ళు ఒప్పుకోవాలి గదా. ఎక్కలేని రోజైనా పిల్లకాయలు అన్నం తింటారు."

"ఆ మాట ఒప్పుకుంటా. కొట్టేది ఒప్పుకోను."

"నువ్వు ఒప్పుకోవాలని ఇక్కడ ఎవురు ఏడస్తా ఉండారు?" అని రెబెకమ్మ నవ్వింది.

ఆ నవ్వు విని చెంచయ్య ముళ్ళకంప అవతలే ఆగిపోయాడు. చేతిలో గోడలకు రాసే ఎర్రమన్ను జాజు కలిపిన బకెట్టు, చంకలో కుంచెలు. లోపల సామ్యేలు ఇంటి అరుగు మీద కూర్చుని సామ్యేలుతో మాట్లాడుతూ నవ్వుతున్నది తన భార్య. తన మాటకు ఆమె అలా నవ్వింది ఎప్పుడా అని గుర్తు చేసుకోబోయాడు. ఏదీ తట్టలేదు. బకెట్టు చెయ్యి మార్చుకుని ముందుకు నడిచాడు.

ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో, కొండ కింద ఉన్న ఆ పల్లెలో గోడ మీద అక్షరం రాయగలిగినవాడు చెంచయ్య ఒక్కడే. చిన్నప్పుడు ఆత్మకూరులో బోర్డులు రాసే గురుస్వామి దగ్గర పని నేర్చుకున్నాడు. గీత వంకర పోకూడదని, రాయించుకునేవాడితో వాదించకూడదని గురుస్వామి చెప్పేవాడు. చెంచయ్యకు మొదటి దానికంటే రెండోది బాగా వంటబట్టింది. ఎన్నికలొస్తే ఒకే గోడకు ఈ చివర ఒక పార్టీ గుర్తు, ఆ చివర రెండో పార్టీ గుర్తు వేసేవాడు. ఒకరి పెళ్ళికి ఒకరు పోని రెండు వర్గాలూ అతన్ని మాత్రం పిలిచి మజ్జిగ ఇచ్చేవి. ఎవరేం చెప్పినా అతని నోటి నుంచి వచ్చే మాట ఒకటే: "అట్నే." అందరూ అతన్ని అట్నే చెంచయ్య అనేవాళ్ళు. తనకు శత్రువు లేడని అతనికి లోపల కొంచెం గర్వంగానే ఉండేది.

తొంభై రెండులో జిల్లా అంతా ఆడవాళ్ళు సారా అంగళ్ళ మీద తిరగబడ్డారు. ఆ పల్లెలో అందరికంటే ముందు నిలబడింది రెబెకమ్మ. అంగడి మూయించాలి అన్నప్పుడు చెంచయ్య అట్నే అన్నాడు. తాగినవాడికి జరిమానా వెయ్యాలి అన్నప్పుడూ అట్నే అన్నాడు. ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసి, చెప్పులేసుకుని సామ్యేలు ఇంటికి పోయింది. అప్పటి నుంచి కొత్తగా ఏం తలపెట్టినా ముందు అక్కడికే పోతూ ఉంది.

సామ్యేలు కూలిపని చేసుకునేవాడు. తాగడు. అయినా అంగడి బలవంతంగా మూయిస్తే కొండలో నాటుసారా బట్టీలు లేస్తాయనీ, తాగినవాణ్ణి కట్టేసి కొట్టడం తప్పనీ నలుగురిలో చెప్పేవాడు. సారా కాంట్రాక్టరు మనిషి అని ఆడవాళ్ళు అతన్ని తిట్టారు. ప్రార్థన కూటానికి రానివ్వకూడదన్నారు. రెబెకమ్మే అడ్డం పడింది. కాదన్నందుకు ఇయ్యాళ అతన్ని వెలేస్తే, రేపు నేను కాదంటే నన్నూ వెలేస్తారు గదా అని అడిగి ఆ మాట వెనక్కి తీయించింది.

నాతో చెప్పుకోకుండా వాడి దగ్గరికి ఎందుకు పోతావని చెంచయ్య ఒకసారి అడిగాడు. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే చెప్పింది.

"నీకు చెప్తే ఊ అంటావు. ఆయనకి చెప్తే నా మాటలో బొక్క ఎక్కడుండాదో తెలుస్తాది."

వాళ్ళిద్దరి మధ్య మరేదో ఉందని చెంచయ్య ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఉంటే బాగుండునని మాత్రం ఒకటి రెండుసార్లు అనుకున్నాడు. అలాంటిదైతే పోట్లాడవచ్చు, పెద్దల్ని పిలవవచ్చు. భార్య మాట కాదన్నందుకు ఇంకొకణ్ణి ఏమని పంచాయితీకి పిలవాలి?

ఇంతలో ఆత్మకూరు నుంచి కబురు వచ్చింది. అంగళ్ళ సంగతి మాట్లాడడానికి అధికారులు వస్తున్నారు, ఊరి నుంచి రెబెకమ్మతో పాటు ఇంకో ఇద్దరు రావచ్చు. ఒకరు పోలేరమ్మ. ఆమె భర్త తాగి తాగి చచ్చిపోయాడు కాబట్టి ఆ మాట ఆమె నోటి నుంచే రావాలన్నారు. రెండోవాణ్ణి ఇంకా తేల్చలేదు. చెంచయ్య తెల్లచొక్కా ఉతికించి ఇస్త్రీకి ఇచ్చాడు. బస్సులో ఆమె పక్కన కూర్చోవడం, ఆత్మకూరులో తను పని నేర్చుకున్న వీధి ఆమెకు చూపించడం మనసులో చాలాసార్లు జరిగిపోయాయి. నేను రానా అని అడగలేదు. ఆమే పిలుస్తుందని ఎదురుచూశాడు.

ఈలోగా ఊళ్ళో ప్రతి గోడ మీదా "సారా మాకొద్దు" అని జాజుతో రాసే పని అతనిది. ఇంటివాళ్ళను అడిగి రాయాలని రెబెకమ్మ కట్టుబాటు పెట్టింది. నేను ఒప్పుకోని మాట నా ఇంటి మీద ఎట్టా ఉంటాది వదినా అన్నాడు సామ్యేలు. అయితే నీ గోడ వదిలేస్తాంలే అని ఆమె అక్కడికక్కడే అనేసింది. పక్కనే కుంచె పట్టుకుని నిలబడ్డ చెంచయ్యకు ఆ తేలికతనం గుండెల్లో దిగింది.

సామ్యేలు భార్య పేరు సారా. కొండాపురం వైపు పిల్ల. పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లల్లేరు. బైబిల్లో ఆ పేరుగల ఆమెకు ముసలితనంలో గానీ బిడ్డ పుట్టలేదని కొందరు నవ్వేవాళ్ళు. సామ్యేలు ఇంకో పెళ్ళి చేసుకుంటాడేమో అని మరికొందరు ఎదురుచూసేవాళ్ళు. ఈ సంగతులన్నీ చెంచయ్యకు తెలుసు.

ఊరంతా కలుపులకు పోయిన ఒక మధ్యాహ్నం అతను సామ్యేలు గోడ ముందు బకెట్టు దించాడు. దాచుకోవలసిన పని లేదు. గోడలు రాసేవాడు గోడ రాస్తుంటే ఎవరు అడుగుతారు? మిగతా గోడల మీద కంటే పెద్ద అక్షరాలతో, ఎక్కడా వంకర లేకుండా, సారా మాకొద్దు అని రాశాడు. ఎవరైనా అడిగితే ఊరంతా ఉన్న మాటే గదా అనవచ్చు.

గడ్డిమోపుతో వచ్చిన సారా వాకిట్లో నిలబడి ఆ మాట చదివింది. మోపు దించకుండా అలాగే నిలబడిపోయింది. పిల్లకాయలు చదివి గెంతులేశారు. ఆమె లోపలికి పోయి, తెల్లారి పుట్టింటికి పోవడానికి చీరలు మూట కట్టుకుంటున్నదని పొద్దుగూకేలోగా ఊరంతా తెలిసింది.

ఆ సాయంత్రం చర్చి ముందర కూటం. ఆత్మకూరుకు ఎవరు పోవాలో అక్కడే తేల్చాలి. సామ్యేలు కేకలేస్తాడని, చెయ్యి చేసుకుంటాడని చెంచయ్య లెక్క. అప్పుడు రెబెకమ్మకు వాడి బుద్ధి తెలుస్తుంది. సామ్యేలు వచ్చి అందరితో పాటు కింద కూర్చున్నాడు.

"గోడ మీద తప్పేం రాసినారబ్బా? సారా మనకొద్దు గదా" అంది పోలేరమ్మ. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"మీ మాట మీరు ఎన్ని గోడల మీదైనా రాసుకోండక్కా. దాన్ని నేను చెరపను" అన్నాడు సామ్యేలు. "నా ఇంటి మీద ఉంటే అది నా మాట అవతాది. నా పెండ్లాం అట్నే చదువుకున్నింది."

నవ్వినవాళ్ళు తలలు దించుకున్నారు. రెబెకమ్మ భర్త వైపు తిరిగింది.

"వదిలేస్తామని నేను చెప్పినాను. ఎందుకు రాసినావు?"

చెంచయ్యకు నోటి దాకా వచ్చిన మాట వేరు. బయటికి వచ్చింది వేరు.

"అంతా వాణ్ణే అడగతావు. నన్ను ఒక్క మాటైనా అడిగినావా?"

పెళ్ళయిన తర్వాత అతను ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదలు. ఆమె కొంగు సర్దుకుని, సామ్యేలుతో వాదించేటప్పుడు ముందుకు వంగినట్టే అతని వైపు వంగింది.

"సరే, ఇప్పుడు అడగతా ఉండా. మొగోళ్ళని కట్టేసి కొట్టినామే, అది తప్పా, ఒప్పా? నా మొకం చూడబాక. నీ మాట చెప్పు."

అందరూ అతన్నే చూశారు. చెంచయ్య గోళ్ళలో ఇరుక్కున్న జాజును గీకాడు. ఏళ్ళ తరబడి కోరుకున్నది ఎదురుగా ఉంది. ఏం చెబితే ఆమెకు నచ్చుతుందా అని వెతికాడు. అది కాకుండా తనకంటూ ఏమైనా ఉందా అని కూడా వెతికాడు. ఆమె చాలాసేపు ఆగింది. తర్వాత లేచి నిలబడి, కూటం వైపు తిరిగింది.

"ఆత్మకూరికి నాతో పోలేరమ్మ వస్తాది. సామ్యేలు వస్తాడు. మనం చేసింది ఎక్కడ తప్పో అధికారుల దగ్గర మన ముందరే ఆయన్ని చెప్పమంటాను. చెంచయ్య రేపు పొద్దున్నే పోయి సారా ముందర నిలబడి తప్పయిందని చెప్పి, ఆ గోడకి సున్నం కొట్టి వస్తాడు."