ఆఖరి మెట్టు కింద ఆకుపచ్చ గీత

కాలేజీ ఫిజిక్సు ల్యాబు అటెండరుకు అసలు పేరొకటి ఉండేది. పిల్లలు దాన్ని ఊడగొట్టి "నేలమాళిగ బాబాయ్" అని తగిలించారు. తప్పు ఆయన నోటిదే. హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రాను మెట్లు దిగుతూ, కొన్ని దూకుళ్లకు రంగు గీతలు చూపిస్తుంది. ఆఖరి మెట్టు కింద ఇంకేమీ లేదని పాఠ్యపుస్తకాలంటాయి. అట్ట ఊడిన ఏదో పుస్తకం చదివి, అక్కడో నేలమాళిగ ఉందని బాబాయ్ తేల్చేశాడు.

"ఇంట్లో అలమారా తలుపు వేలాడుతుంటే చూడరు గానీ, కంటికి కనబడనిదానికి నేలమాళిగ కడతారా!" అంది భార్య.

"కనబడిందే! ఆకుపచ్చ గీత. హైడ్రోజన్ పట్టికలో లేదు."

ఆరేళ్లు, మధ్యాహ్నం భోజనం మానేసి మరీ, చీకటి గదిలో హైడ్రోజన్ ట్యూబు వెలిగించి, వెలుగును రంగు గీతలుగా విడదీసే స్పెక్ట్రోమీటరుకు కన్ను అతికించుకుని కూర్చున్నాడు. కనురెప్ప కూడా సెలవు అడిగి ఉంటుంది. చివరికి ఫిజిక్సు పాఠాలు చెప్పే మేడం ఒప్పుకుంది.

"గురువారం వచ్చి చూస్తాను బాబాయ్. గీత నిజమైతే మీ పేరుతోనే యూనివర్సిటీకి రాస్తా. కాకపోతే హైడ్రోజన్ ట్యూబు పిల్లలకే. మీ మధ్యాహ్నాలు ఇక బంద్."

గురువారం ఇస్త్రీ చొక్కాతో వచ్చి, కిటికీలకు నల్లగుడ్డ బిగించాడు. మేడం చూసింది.

"ఉంది."

బాబాయ్ ఛాతీ పొంగి గుండీలు తెగినంత పనైంది.

"ఇప్పుడు ట్యూబు ఆర్పండి."

"అమ్మో! ఆర్పితే ఈ ముసల్ది మళ్లీ వెలగడానికి గంట బతిమాలించుకుంటుంది మేడం. కన్ను పెట్టి ఉండగా ఎప్పుడూ ఆర్పలేదు."

అని, తనే కన్ను పెట్టి ఆర్పాడు. ఎరుపు పోయింది, నీలం పోయింది. ఆకుపచ్చ మాత్రం కదల్లేదు.

తలెత్తాడు. తలుపు పైన వెంటిలేటరు, దాని వెనక వరండా ట్యూబ్‌లైటు. బయటికెళ్లి స్విచ్చి నొక్కి వచ్చి చూశాడు. గీత లేదు.

"ట్యూబ్‌లైట్లో పాదరసం ఉంటుంది బాబాయ్, ఆ ఆకుపచ్చ గీత దానిదే," అంది మేడం మెల్లగా. "ఎవరికీ చెప్పను లెండి."

"ఎందుకు చెప్పరు? నేనే చెప్తా!" నోట్‌బుక్కులో ఆరేళ్ల పేజీల మీద అడ్డంగా 'వరండా లైటు' అని పెద్దక్షరాలతో రాశాడు. "ట్యూబు మీదే, మాట మాటే. ఆ గీత నాది కాదని తేలింది. నేలమాళిగ లేదని తేలలేదుగా?"

"మరి ఎక్కడ చూస్తారు?"

"పాత హైడ్రోజన్ ట్యూబు ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. శనివారాలు మా వంటింట్లో కరెంటు ఖాళీగానే ఉంటుంది. ఈసారి ముందు ఇంటి లైట్లన్నీ ఆర్పి, తర్వాత ట్యూబు వెలిగిస్తా."

మేడం నవ్విందని కొందరు, నుదురు కొట్టుకుందని కొందరు. కొట్టు చిరునామా మాత్రం రాసిచ్చింది.