కందిరీగ బొరియలో లింబాద్రి కాక వేలు

ఈ అరబ్బు దేశంలో, అల్ హిలాల్ పేటలో నేను పిల్లను చూసుకునే విల్లాకు వారానికి రెండుసార్లు తోటపనికి వస్తాడు లింబాద్రి కాక. పద్నాలుగేళ్లు సైట్లలో పరంజాలు కట్టేసరికి మోకాలు చెడింది. మూడు నెలలు తోటపనిలో పెట్టి చూస్తామంది కంపెనీ. పనికిరాకపోతే ఊరికి పంపేస్తారు. గడువు ఆ గురువారంతో తీరుతుంది. సూపర్‌వైజర్ లియాఖత్ అలీ వచ్చి చూసి రాయాలి.

కంపెనీ ఇచ్చిన గ్లౌజులను కాక నడుముకు దోపుకునేవాడు. "ఏలు పెడితేనే మట్టికి దూప అయితుందో లేదో ఎరుకైతది బిడ్డా" అనేవాడు. మట్టి దాహం వేలికే తెలుస్తుందట.

ఆ గురువారం ఉదయం కిటికీలోంచి చూస్తున్నాను. పెద్ద నల్ల కందిరీగ ఒకటి, తనకంటే పెద్ద సాలీడును ఈడ్చుకొచ్చింది. సాలీడు చావలేదు, కాళ్లు చచ్చుబడ్డాయంతే. దాన్ని కరివేపాకు మొక్క కింద వదిలి కందిరీగ బొరియలో దూరింది. నేను నోరు తెరిచేలోపే, తడి ఎంత లోతుకు దిగిందో చూద్దామని కాక అదే బొరియలో వేలు పెట్టాడు.

"ఓ అవ్వా! సచ్చిన్నే!"

కూలబడ్డాడు. "తాళంచెవి తే బిడ్డా, ఇనుము రుద్దాలె!"

ఈ ఇంటి తలుపుకు అంకెలు నొక్కడమే, తాళంచెవి లేదు. అట్లకాడ తెచ్చిచ్చాను. నిప్పుల్లో పెట్టినట్టుందంటూ రుద్దుకున్నాడు. కాసేపటికి నొప్పి తగ్గింది, వేలు మాత్రం ఉబ్బింది. అంతలోనే లియాఖత్ అలీ వచ్చాడు.

"క్యా కాకా, గ్లౌస్ కొత్తగనే ఉన్నయ్. చెయ్యి ఎనక దాస్తున్నవ్. దిఖావ్!"

కాక చూపించాడు. "నాదే తప్పు సాబ్. గ్లౌస్ ఏసుకుంటె మట్టి నాతోని మాట్లాడది."

"మట్టితోని ముచ్చట్లా? నాతోనైతే మాట్లాడవ్!"

తోటంతా తిరిగాడు. అంత ఎండల్లోనూ ఒక్క మొక్క వాడలేదు. బొరియ వైపు చూసి, "దానికి మందు కొట్టు" అన్నాడు.

"వద్దు సాబ్. దానింట్ల ఏలు పెట్టింది నేను. అది సాలీళ్లను పడుతది, మన జోలికి రాదు."

లియాఖత్ అలీ నవ్వి, కాగితం మీద సంతకం పెట్టాడు. "ఈడనే ఉండు. గ్లౌస్ లేకుంట మల్ల కనిపిస్తే మాత్రం డ్యూటీ మాఫీ, ఇగ పని ఉండది."

తర్వాతి వారం కాక గ్లౌజులు వేసుకునే వచ్చాడు. కుడిచేతి గ్లౌజుకు చూపుడు వేలి కొస మాత్రం కత్తిరించేశాడు. కందిరీగ బొరియ చుట్టూ నాలుగు రాళ్లు పేర్చి, బంతిమొక్క దగ్గర వంగి, కిటికీ వైపు చూశాడు.

"ఈడ బొరియ లేదు గదా బిడ్డా?"

"లేదు కాకా, పెట్టు."