మామ్మగారి పిడికెడు బియ్యం

తల నెరిసేదాకా మనల్ని చంకనెత్తుకుని మోసే తండ్రికి స్తోత్రం. ఆయన మరిచిపోని ఒకావిణ్ణి నేను మూడు నెలలు మరిచిపోయాను.

పంతొమ్మిదివందల డెబ్బైల చివర్లో రాజోలు దగ్గర ఒక ఊళ్ళో పంతులమ్మగా ఉండేదాన్ని. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళు అన్నం వండినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం దేవుడి పేర వేరే కుండలో వేసేవారు. శనివారం సాయంత్రం డబ్బా పట్టుకెళ్ళి ఇంటింటా ఆ బియ్యం పోగుచెయ్యడం నా వంతు.

కాలవగట్టు మీద చివరి ఇల్లు ఒక మామ్మగారిది. భర్త పోయారు, పిల్లల్లేరు. మోకాళ్ళు పట్టేసి చర్చికి రాలేకపోయేవారు. ఒంటిపూటే వండుకుంటున్నారని తెలిసి నాకు మనసొప్పలేదు.

"మామ్మగారూ, ఇకమీదట మీరు బియ్యం తియ్యక్కర్లేదండీ. సంఘ పెద్దలకి చెప్పేను."

"ఆయ్" అన్నారు, అంతే. మంచిపని చేశాననుకున్నాను. ఆ తరవాత ఆవిడ ఇంటికి ముందింటి దగ్గరే వెనక్కి తిరిగేదాన్ని.

క్రిస్మస్‌కి సంఘం ఇచ్చే చీర తీసుకుని మళ్ళీ వెళ్ళాను.

"ఎవరూ? పంతులమ్మే! బతికే ఉన్నావా? రేవు దాటి పోయేవనుకున్నాను" అన్నారు. చీర వంక చూడలేదు. మూలనున్న కుండ ముందుకి లాగారు. నిండా బియ్యం. పురుగులు పాకుతున్నాయి.

"తియ్యొద్దన్నాను కదండీ!"

"నువ్వన్నావు. దేవుడన్నాడా? శనివారం గుమ్మంలో నిలబడి, బాగున్నారా అండీ అని పోయేదానివి. వారమంతటికీ నాకు ఆ మాటే. అదీ నీ డబ్బాతోపాటే పోయింది. ఈ చీర కట్టుకుని ఎవరికి చూపించుకోను తల్లీ?"

బైబిల్లో, కరువులో తనకి మిగిలిన చివరి పిడికెడు పిండితో ప్రవక్తకి రొట్టె చేసిపెట్టిన విధవరాలి పాఠం ఆదివారం బడిలో చెప్పేది నేనే.

ఆవేళ మొదటిసారి లోపలికెళ్ళి కూర్చున్నాను. చేటలో బియ్యం పోసుకుని ఇద్దరం చెరిగి పురుగులు ఏరాం. ఆవిడ పెళ్ళినాటి వరద సంగతి చెబుతూనే ఉన్నారు. బియ్యం శుభ్రపడ్డాయి.

"ఇంకోసారి చెరుగుదామమ్మా" అన్నారు.

మళ్ళీ చెరిగాం.

రెండేళ్ళు ప్రతి శనివారం కూర్చున్నాను. తరవాత నాకు బదిలీ అయింది. డబ్బా ఇంకొకరికి అప్పజెప్పి ఇళ్ళన్నీ చూపించాను, ఆవిడదీ చూపించాను. అక్కడ కూర్చోవాలని మాత్రం చెప్పలేదు. ఆర్నెల్లకి ఆవిడ పోయారని ఉత్తరం వచ్చింది. ఆ శనివారాల్లో ఎవరైనా కూర్చున్నారో లేదో, అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఇది చదివేవారు ఒక్క నిమిషం నాతోపాటు తల వంచండి. తండ్రీ, గుమ్మం వైపే చూస్తున్నవారి ఇంట మమ్మల్ని కాసేపు కూర్చోబెట్టు. ఆమేన్.