దొడ్లోని తొడ ఎముకలు

మా ముత్తాత నందవరం దగ్గర ఒక ఊరికి పెద్దరెడ్డి. ఆయన తర్వాత తాత. అమ్మవారి జాతరలో కోసిన ప్రతి పొట్టేలు వెనక తొడ మా ఇంటికి రావాలి. మేము అడిగింది లేదు, వాళ్ళే తెచ్చి ఇచ్చేవాళ్ళు. నాన్న చెప్పిన ఈ మాటతోనే నేను పెరిగాను.

ఇల్లు కూలిపోయి దొడ్డి ఒక్కటే మిగిలింది. అమ్మేద్దామని తమ్ముడు పట్టుబట్టాడు. నేను ససేమిరా అన్నాను. ఆ రోజుల్లోనే ఆదోని కాలేజీలో చరిత్ర చెప్పే ఒకావిడ వచ్చింది. పాత ఎముకలను బట్టి ఎవరు ఏం తిని బతికారో చెప్పగల మనిషి. దొడ్లోని పెంటగుంత తవ్వుకుంటానంటే వెంటనే ఒప్పుకున్నాను. మా ఇంటి గొప్ప పరాయి మనిషి నోట వింటే తమ్ముడు తగ్గుతాడని నా ఆశ. పనివాళ్ళ ఎంగిలి ఆ గుంతలో పడనిచ్చేవాళ్ళు కాదని, అంతా మా ఇంటివాళ్ళు తిన్నదేనని మొదటిరోజే ఆమెకు చెప్పాను.

తవ్వకం అయ్యాక ఒక్కో పొర ఎముకలను ఒక్కో గోనెపట్టా మీద పరిచి, అడుగుపొర నుంచి చెప్పుకొచ్చింది.

"అన్నీ తొడ ఎముకలే సార్. లేత జీవాలవి. ఈ సన్నవి కౌజుపిట్టలవి. పొట్టేళ్ళను ఎదగకముందే కోసుకు తిన్నారంటే బాగా కలిగిన ఇల్లే."

తమ్ముడి వైపు చూశాను.

ఆమె పైపొర పట్టా దగ్గరికి జరిగింది. అందులో తొడ ఎముక ఒక్కటీ లేదు. పుర్రె ముక్కలు, గిట్టలు, అరిగిపోయిన పళ్ళు. మూలుగ కోసం ప్రతి ఎముకా పగలగొట్టి ఉంది.

"ఇవి మీ తాతగారి కాలానివి. ముసలి మేకల తలకాయలు, కాళ్ళు. చవగ్గా దొరికేవి."

"అవి పనివాళ్ళు తిన్నవి," అన్నాను.

"వాళ్ళది ఇందులో పడదని మీరే అన్నారు కద సార్."

ప్రహరీ పక్కన రాయి మీద కూర్చున్న మేనత్త నా ముఖం చూసి మెల్లగా అంది: "మా నాయన కాలానికే తొడ తెచ్చిచ్చేది నిలిపేసినారప్పా. మాయమ్మ సంతలో తలకాయ తెప్పిచ్చి, తొడకూరని చెప్పి మాకు పెడతాండె. మీ నాయన నమ్మినాడు."

"ఇంగేం అన్నా, ఇంకో గుంత తవ్విద్దామా?" అన్నాడు తమ్ముడు.

నిటారుగా నిలబడే ఉన్నాను. లేత ఎముకలైనా ఇమ్మని ఆమెను అడిగాను. రెండు పొరలవీ కలిపి ఉంటేనే పనికొస్తాయని చెప్పి, అన్నీ మూట కట్టుకుపోయింది.

పోయిన ఎండాకాలం దొడ్డిని, ప్రహరీ రాళ్ళతో సహా, ఎమ్మిగనూరు పత్తి వ్యాపారికి అమ్మాం.