ధర్మకర్త మీద అర్జీ

లత అనే పేటలో ఒక తెలుగువాళ్ల అమ్మాయికి చరిత్ర ట్యూషన్ చెబుతుంటాను. ఆ రోజు పాఠంలో మధ్యయుగపు బిషప్పు ఒకాయన వచ్చాడు. చర్చి పదవులు అమ్ముకున్నాడు, పేదలకు వదిలిన పొలాలు తమ్ముడి కొడుకులకు కట్టబెట్టాడు, ఇదేమిటన్న మతగురువులను వెళ్లగొట్టాడు. చివరికి ఊరంతా ఆయనకు శత్రువులే.

"ముందే ఎవలూ ఏటీ అనలేదా, సయామా?" అని అడిగింది ఆ పిల్ల. బర్మీస్‌లో టీచరమ్మను అలాగే పిలుస్తారు.

భయపడ్డారని చెప్పాను. అప్పటి నుంచీ నాకు మనసు నిలవలేదు.

మేముండే అహ్లోన్ పేటలో మా గుడి ధర్మకర్త, పిల్లలకు తెలుగు నేర్పే హాలును బియ్యం బస్తాలు పెట్టుకోమని అల్లుడికి ఇచ్చేశాడు. అడిగిన ముసలి పూజారిని మానిపించాడు. పూజారీ, గుడి వంటామె, నది అవతలి తన్లిన్ నుంచి వచ్చే డప్పులవాళ్లూ కలిసి గుడి కమిటీకి అర్జీ పెట్టుకున్నారు. బర్మీస్‌లో దాన్ని రాసిపెట్టింది నేనే. సంతకం మాత్రం పెట్టలేదు. మా ఆయనకు రేవులో ఉద్యోగం ఇప్పించింది ఆ ధర్మకర్తే మరి.

ఆ వారమంతా కుదురు లేదు. బస్సు దిగాల్సిన చోట దిగలేదు. రెండుసార్లు అన్నం మాడ్చాను. ఆఖరికి, సంతకం కూడా పెట్టాలనుందని మా ఆయనతో చెప్పేశాను. ఆయన చాలాసేపు చొక్కా గుండీలు పెట్టుకుంటూనే ఉన్నాడు.

"నన్నడిగితే ఒద్దంటాను. అందుకే నన్నడక్కు," అన్నాడు.

ఆదివారం మీటింగులో ధర్మకర్త అర్జీ పైకెత్తి, ఈ రాత ఎవరిదని అడిగాడు. నేను లేచాను.

"నాదే, పెదనాన్నా. సంతకం కూడా పెడతాను, ఇలాగియ్యండి."

ఆయన కోప్పడలేదు. "నీ పెళ్లి నా సేతుల మీద సేసినాను గదమ్మా," అన్నాడు.

"మర్సిపోనేదు," అన్నాను. సంతకం వంకరగా పడింది. నా తర్వాత ఇద్దరు ఆడవాళ్లు వచ్చి పెన్ను అడిగారు.

కొన్నాళ్లకు ఆయన ఒంట్లో బాగోలేదని చెప్పి ధర్మకర్త పదవి నుంచి తప్పుకున్నాడు. బస్తాలు పోయాయి, పిల్లలు తిరిగి వచ్చారు. పూజారి మాత్రం అప్పటికే మోల్మేన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు; కబురు పంపినా రాలేదు. మా ఆయన ఉద్యోగం ఉంది కానీ, దూరపు షెడ్డుకు మార్చారు. దాని గురించి ఆయనేమీ అనడు, నేనూ అడగను.

చేసింది తప్పని ఏనాడూ అనుకోలేదు. అయినా ఆ పాత ధర్మకర్త తన ఇంటి వరండాలో కూర్చుని కనిపిస్తే, ఇప్పటికీ నా నడక వేగం పెరుగుతుంది.