ఏడో ఉక్కు చప్పుడు

హనీఫ్ కుడిచేతిని ఒకసారి చూసినవాళ్లు మళ్లీ అటు చూడరు. వేళ్లన్నీ చితికి ఎండిన అల్లం కొమ్ములా ఉంటుంది. సిద్దిపేటలో కల్లుగీత కత్తులు చేయడంలో మాత్రం ఆయన తర్వాతే ఎవరైనా. ఆ చెయ్యి ఎట్లా పోయిందో చెబుతాను, గుండె రాయి చేసుకుని వినండి.

అంతకుముందు హనీఫ్ ప్రజ్ఞాపూర్‌లో దొరికే లారీల పాత కమాన్ పట్టీలతో కత్తులు చేసేవాడు. పదును నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. 1988లో హైదరాబాదు నుంచి ప్రమీలాదేవి అనే లోహాల పరిశోధకురాలు వచ్చింది. గీత కత్తులకు పనికొచ్చే కొత్త ఉక్కు తయారు కావడానికి మామూలుగా పదేళ్లు పడుతుందట. రెండేళ్లలో తేల్చమని సర్కారు నిధులిచ్చింది, ఒక షరతు మీద. ప్రయోగశాలవాళ్లు, కత్తి చేసేవాడు, చెట్టెక్కేవాళ్లు కలిసి పనిచేయాలి, అందరి మాటా ఒకే పుస్తకంలో ఎక్కాలి. కొత్త కత్తిని దాగలి అనే ఇనుప దిమ్మ మీద తట్టి, చప్పుడు విని, లోపల పగులుందో లేదో చెప్పేవాడు హనీఫ్. అందుకని ఆ పుస్తకంలో ప్రమీలాదేవి ఒక్కో ఉక్కుకు ‘హనీఫ్ చెవి’ అని ఒక గడి గీసింది. ఆరు రకాల ఉక్కు అట్లాగే తట్టి చూశారు, ఏదీ కుదరలేదు.

ఏడో ఉక్కుతో రెండు కత్తులు చేశాడు. చిన్నకోడూరులో కల్లు గీసే గౌండ్ల అన్నదమ్ములు మైసయ్య, పర్శరాములు తెల్లారేసరికే వచ్చి, కొలిమి వెనకున్న తాటిచెట్టు దగ్గర ఊదు పొగ వేశారు. పొగ వేశాక చెట్టెక్కేవాడి ముందు ‘విరుగుతది’, ‘పడుతది’ అన్న మాట ఎవరూ అనరు. అంటే ఆ మాటే ప్రాణం తీస్తుందని వాళ్ల నమ్మకం. హనీఫ్ కత్తిని తట్టింది ఆ పొగ లేచాకే. చప్పుడు మొద్దుగా వచ్చింది. లోపల పగులుందన్నమాట. అయినా నోరు విప్పలేదు. దిగినాక చెబుదామనుకున్నాడు. ఆ పాపిష్టి మర్యాదే కొంప ముంచింది.

మైసయ్య నడుముకు మోకు తాడు బిగించుకుని ఎక్కాడు. గెల మీద కత్తి రెండుసార్లు ఆడింది, మూడోసారి ఫట్‌మంది. విరిగిన ముక్క ఎగిరి అతని గొంతులో దిగబడింది. కేక కూడా రాలేదు. మోకుకు వేలాడుతూ కాళ్లు తన్నుకుంటుంటే నెత్తురు చెట్టు పొడుగునా కారింది. కిందికి దించేసరికి మనిషి చల్లబడ్డాడు.

పర్శరాములు హనీఫ్‌ను జుట్టు పట్టి కొలిమి కొట్టంలోకి ఈడ్చాడు. డొక్కలో తన్నాడు, నోటి మీద గుద్దాడు. రెండు పళ్లు ఊడి బూడిదలో పడ్డాయి.

"నన్ను సంపు తమ్మీ," అన్నాడు హనీఫ్ నెత్తురు మింగుతూ. "గని నీ నడుముకున్నది గూడ గదే ఉక్కు. దాంతోటి చెట్టెక్కకు. నేను చప్పుడు విన్న."

"విన్నవా? విని నోరు మూసుకున్నవా?"

పర్శరాములు ఆ కుడిచేతిని దాగలి మీద పెట్టి, మోకాలితో అదిమి, సమ్మెట ఎత్తాడు. ఒక దెబ్బ. రెండో దెబ్బ. ఎముకలు పటపటమన్న చప్పుడు వీధి దాకా వినిపించింది. అప్పటికీ కసి తీరలేదు. నడుము కత్తి దూసి హనీఫ్ మెడ మీద పెట్టాడు.

"మెడ యాడికీ పోదు," అన్నాడు హనీఫ్. "ముందుగాల దాగలి మీద కొట్టి సూడు."

ఒళ్లు తెలియని కోపంలో పర్శరాములు కొట్టాడు. కత్తి రెండు ముక్కలైంది. ఒక ముక్క అతని చెవి పక్క నుంచి పోయి తలుపులో గుచ్చుకుంది. దాన్ని చూశాడు, బయట చెట్టు కింద అన్న శవాన్ని చూశాడు, బూడిదలో కూలబడి గుండెలు బాదుకుంటూ ఏడ్చాడు.

దవాఖానలో ప్రమీలాదేవి పుస్తకం తెరిచింది. ఏడో ఉక్కు పక్కన ‘హనీఫ్ చెవి’ గడి ఖాళీగా ఉంది. "విన్నడు, చెప్పలే అని రాయమ్మా," అన్నాడు హనీఫ్. ఆమె ఆ మాటే ఆ గడిలో రాసింది.

పని ఆగలేదు. కానీ హనీఫ్ సమ్మెట ఎత్తలేడు. ఆరు నెలలకు పర్శరాములు తనంతట తానే వచ్చి ఆ సమ్మెట పట్టుకున్నాడు.

పదకొండో ఉక్కు నాడు అతనే పొగ వేశాడు. కత్తి మాత్రం అందుకోలేదు.

"విరుగుతదా భాయ్? నోరు తెరిచి చెప్పు."

హనీఫ్ ఎడమచేత్తో తట్టాడు, చెవి ఆనించి విన్నాడు.

"విరుగుతది," అన్నాడు.

పర్శరాములు కత్తిని నిప్పుల్లో పడేసి సమ్మెట అందుకున్నాడు.